మితవాదమా, ప్రగతివాదమా: గవర్నర్‌పేట ఆదివారపు తరగతులపై సమీక్ష

సమానత్వం, వ్యక్తిస్వేచ్ఛ వంటి ఉదారవాద లక్ష్యాలను చట్టసభల్లో బేరమాడి అంచెలంచెలుగా సాధించుకోవాలా (మితవాదం), లేక ఉన్న పద్ధతిని మొదటి దెబ్బకే మార్చమని పట్టుబట్టాలా (ప్రగతివాదం) అన్న విషయం మీద, విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక పఠన మందిరం వారు నెల రోజులపాటు ఆదివారం సాయంత్రాలు తరగతులు నడిపారు. రుసుము అయిదు వందలు. అందులోనే జిరాక్సు ప్రతుల కట్ట, విరామంలో టీ. ఒక్క ఉపన్యాసం కోసమైనా ఆ డబ్బు ఇవ్వవచ్చునని నా అభిప్రాయం. మిగిలిన వాటి గురించి అంత ధీమాగా చెప్పలేను.

ఆరంభం ఊహించినట్టే 1907 నాటి సూరత్ కాంగ్రెస్ మహాసభతో జరిగింది. మితవాద గోఖలే, అతివాద తిలక్ వర్గాలు చీలిపోవడం, వేదిక మీదికి చెప్పు ఎగిరి రావడం, 1916లో లక్నోలో మళ్ళీ కలవడం వక్త రక్తి కట్టించి చెప్పారు. అయితే మితవాదులు నెమ్మదస్తులు, ఎదుటి పక్షం వారు ఆవేశపరులు, తేడా అంతా స్వభావాలదే అన్నట్టుగా ఆ ప్రసంగం సాగింది. పక్కనే గుంటూరు జిల్లాలో, పెదనందిపాడు ఫిర్కా (కొన్ని ఊళ్ళ రెవెన్యూ విభాగం) రైతులు 1922లో శిస్తు కట్టకుండా నిలబడినప్పుడు, ఎంతవరకు వెళ్ళాలన్న సందేహం నాయకుల్లోనే తలెత్తిన ఉదంతానికి మాత్రం అయిదు నిమిషాలైనా దక్కలేదు.

అసలు సరుకంతా, హిందువుల పెళ్ళి, ఆస్తి నియమాలను మార్చబోయిన హిందూ కోడ్ బిల్లు మీద జరిగిన తరగతిలో ఉంది. పుట్టుకతోనే కొడుకులకు హక్కునిచ్చే మితాక్షర ఉమ్మడి కుటుంబ పద్ధతిని తొలగించాలన్నది అంబేద్కర్ నడిపిన బిల్లులోని ప్రతిపాదన. బిల్లు ముందుకు సాగకపోవడంతో ఆయన 1951లో మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆ తరువాత నెహ్రూ ప్రభుత్వం దానిని విడదీసి 1955, 1956 సంవత్సరాల్లో నాలుగు చట్టాలుగా నెగ్గించుకుంది. విడాకుల హక్కు వచ్చింది, తండ్రి స్వార్జితంలో కూతురికి వాటా వచ్చింది, ఉమ్మడి ఆస్తిలో పుట్టుహక్కు మాత్రం కొడుకులకే మిగిలిపోయింది. విడదీయకపోతే అసలేమీ వచ్చేది కాదన్న మితవాదుల వాదనను ఆ రోజు మాట్లాడిన విశ్రాంత అధ్యాపకురాలు కొట్టిపారేయలేదు. నల్లబల్ల మీద ఇద్దరు అక్కచెల్లెళ్ళ బొమ్మ గీసి, అక్క పెళ్ళి 1984లో, చెల్లెలి పెళ్ళి 1987లో జరిగాయనుకోమన్నారు. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన సవరణ, కూతుళ్ళకూ పుట్టుహక్కు ఇస్తూనే, ఆ తేదీకి ముందు పెళ్ళయినవారిని మినహాయించింది. ఒకే ఇంటి మాగాణిలో చెల్లెలికి అన్నతో సమానంగా వాటా వస్తే, అక్కకు పసుపు కుంకుమల కింద పుట్టింటివారు ఏమిస్తే అదే మిగిలింది. పార్లమెంటు 2005లో ఆ తేడాను తీసేసేదాకా ఆ అక్క ఏం చేసిందని వెనుక వరుసలోని ఒక విద్యార్థిని అడిగితే, "ఏం చేస్తుందమ్మా, ఆగింది. ఆగుతావా అని ఆమెను ఎవరూ అడగలేదు" అన్నారు.

ప్రగతివాదుల దారిని కూడా ఆ అధ్యాపకురాలు అదే త్రాసులో పెట్టారు. కేరళ 1975 నాటి చట్టంతో ఉమ్మడి కుటుంబ పద్ధతినే రద్దు చేసింది. దానితో కొడుకుకు ప్రత్యేకమంటూ ఏమీ మిగలలేదు గాని, పుట్టుహక్కే లేనప్పుడు అది కూతురికీ ఉండదు కనుక, తండ్రి తన ఆస్తి మొత్తాన్ని కొడుకు పేర వీలునామా రాసినా కూతురు అడ్డుపడలేకపోయేది. సివిల్ దావాలు చూసే వృత్తిలో ఉన్న నాకు కూడా ఈ రెండు రాష్ట్రాలను ఇలా పక్కపక్కన పెట్టి చూడాలని తట్టలేదు.

ఆమె ఆపిన చోటు నుంచి చివరి తరగతి మొదలై ఉండవలసింది. 2020లో సుప్రీంకోర్టు, 2005 నాటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా కూతురికి పుట్టుహక్కుందని తేల్చిన తరువాత కూడా, సబ్ రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో ఆడపడుచులు రిలీజ్ డీడ్ (తమ వాటా వదులుకునే పత్రం) మీద వేలిముద్రలు వేసి వెళ్ళిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయానికి ఏ సవరణా మందు కాదు. అటువంటి చోట ఏ పద్ధతి పనికొస్తుందో చర్చించకుండా, ఇద్దరు వక్తలకు చెరో పది నిమిషాలిచ్చి, రెండు మార్గాలూ అవసరమేనని తేల్చి, శాలువాలు కప్పి పంపించారు. 1947 నుంచి ఈ ఊళ్ళోనే ఉన్న నాస్తిక కేంద్రాన్నీ, చట్టం కోసం ఎదురుచూడకుండా దాని స్థాపకుడు గోరా జరిపించిన సహపంక్తి భోజనాలనూ, కులాంతర వివాహాలనూ ఎవరూ ప్రస్తావించకపోవడం నాకు వింతగా తోచింది.

గ్రూప్స్ అభ్యర్థులకు ఈ తరగతుల వల్ల ఒరిగేది తక్కువ. ఇంట్లో భూమి పంపకాల మాట నడుస్తున్నవారు మాత్రం ఆ ఒక్క సాయంత్రమైనా తప్పక వినాలి. నిర్వాహకులకు ఒక విన్నపం. పంచిపెట్టిన ప్రతుల్లో రామారావు ప్రభుత్వపు సవరణలోని 29-ఎ సెక్షన్ ఉన్న పుట అడుగుభాగం జిరాక్సులో తెగిపోయింది, పెళ్ళయిన కూతుళ్ళ మినహాయింపు సరిగ్గా ఆ తెగిన వరుసల్లోనే ఉంది. వచ్చే విడతకైనా ఆ పుటను పూర్తిగా అచ్చు వేయించాలి.