పెద్దయ్యాక బండి నేర్చుకునేవాళ్లకు 110 సీసీ గేర్‌లెస్ స్కూటర్: ఐదేళ్ల వాడకం తర్వాత

ఐదేళ్లు, 31 వేల కిలోమీటర్లు. ముప్పై దాటాక మొదటిసారి హ్యాండిల్ పట్టేవాళ్లకు ఈ బండి పనికొస్తుందా అంటే, తప్పకుండా వస్తుంది. కానీ "గేర్లు లేవు, క్లచ్ లేదు, రెండు రోజుల్లో వచ్చేస్తుంది" అనే మాట సగమే నిజం. మోటార్‌సైకిల్ మీద కంగారు పుడితే క్లచ్ నొక్కేస్తాం, ఇంజిన్ లాగడం ఆగుతుంది. స్కూటర్ మీద ఆ దారి లేదు. అంతా కుడి మణికట్టు చేతిలోనే ఉంటుంది.

కొత్తవాళ్లు పడేది ఎక్కువగా ఇలాగే. బండి కదిలేటప్పుడు చిన్న కుదుపు వస్తుంది. ఒళ్లు వెనక్కి వాలుతుంది. చేతులు హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుంటాయి, మణికట్టు కిందికి దిగుతుంది, దాంతో రేజ్ (యాక్సిలరేటర్) ఇంకా పెరుగుతుంది. బండి దూకిన కొద్దీ పట్టు బిగుస్తుంది, పట్టు బిగిసిన కొద్దీ బండి దూకుతుంది. దీనికి మందు ధైర్యం కాదు, చెయ్యి పెట్టే తీరు. రేజ్ పూర్తిగా మూసి ఉన్నప్పుడు మణికట్టు ముంజేతితో సమంగా ఉండాలి, కిందికి వేలాడకూడదు. చూపుడు వేలు, మధ్య వేలు ఎప్పుడూ బ్రేకు మీదే ఉండాలి. ఇంజిన్ ఆపేసి, తాళం తిప్పకుండా బండి మీద కూర్చుని రేజ్ తిప్పడం, వదలడం ఓ యాభై సార్లు చేయండి. తిప్పడం ఎవరికైనా వస్తుంది, వదలడమే అలవాటు కావాలి. సెంటర్ స్టాండ్ మీద ఇంజిన్ ఆన్ చేసి మాత్రం ఈ సాధన వద్దు. వెనక చక్రం తిరుగుతుండగా స్టాండ్ జారితే బండి ముందుకు దూసుకుపోతుంది.

కుదుపు ఎందుకో తెలిస్తే భయం తగ్గుతుంది. చేత్తో నొక్కే క్లచ్ లేకపోయినా లోపల దానంతటదే పనిచేసే సెంట్రిఫ్యూగల్ క్లచ్ ఉంటుంది, అది ఇంజిన్ కొంత వేగం అందుకున్నాకే చక్రాన్ని పట్టుకుంటుంది. అందుకే రేజ్ ఇచ్చిన క్షణానికి ఏమీ జరగదు, ఆ తర్వాత ఒక్కసారి అందుకుంటుంది. ఏమీ జరగడం లేదని ఇంకాస్త తిప్పేవాళ్లే దూకిస్తారు. అదే బాగా నెమ్మదిగా వెళ్తున్నప్పుడు రేజ్ మొత్తం వదిలేస్తే క్లచ్ విడిపోతుంది, బండికి ఊతం పోతుంది, హ్యాండిల్ ఊగుతుంది. యూటర్న్‌లో కాలు కింద పెట్టేయాల్సి వచ్చేది అందుకే. సన్నగా ఒకే తీరుగా రేజ్ ఉంచి, వేగాన్ని ఎడమ బ్రేకుతో (వెనక చక్రానిది) అదుపు చేస్తే మలుపు సాఫీగా వస్తుంది. చూపు ముందు చక్రం మీద కాదు, వెళ్లాల్సిన వైపు ఉండాలి.

సైకిల్ వచ్చినవాళ్లకు నాలుగైదు రోజులు చాలు. రానివాళ్లు మొదటి రెండు రోజులు ఇంజిన్ ఆపేసి, గోతులు లేకుండా కొద్దిగా వాలుగా ఉన్న నేల మీద, బండెక్కి కూర్చుని, కాళ్లతో తోసుకుంటూ బ్యాలెన్స్ నేర్చుకోవాలి. రెండు కాళ్లూ పైకెత్తి పది మీటర్లు వెళ్లగలిగాకే ఇంజిన్ జోలికి వెళ్లండి.

కొనేముందు రోజూ వేసుకునే చెప్పులతోనే షోరూంలో కూర్చుని చూడండి. రెండు పాదాల ముందు భాగాలూ నేలకు ఆనాలి. ఎత్తు సరిపోయినట్టే ఉన్నా ఫుట్‌బోర్డు వెడల్పుగా ఉంటే కాళ్లు ఎడంగా పెట్టాల్సి వచ్చి అందవు. బరువు 105 కిలోల దాకా ఉంటుంది, ఒక పక్కకు ఒరిగితే ఆపడం కష్టం. సన్నగా, పొట్టిగా ఉన్నవాళ్లకు 90 కిలోల తరగతి పాత బండి ఒకటి దొరికితే నేర్చుకోవడానికి అదే నయం.

బ్రేకుల విషయం. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా ఉన్న కొత్త బండ్లకు సీబీఎస్‌ గానీ ఏబీఎస్‌ గానీ ఉండాలన్న నిబంధన వచ్చింది. సీబీఎస్ అంటే రెండు చక్రాల బ్రేకులూ కలిసి పనిచేసే ఏర్పాటు, ఏబీఎస్ అంటే బ్రేకు పట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసేది. సీబీఎస్ ఉంటే ఎడమ బ్రేకు పట్టినా ముందు చక్రానికీ కొంత అందుతుంది. అయినా ఇసుక మీద, హ్యాండిల్ తిప్పి ఉన్నప్పుడు కుడి బ్రేకు గట్టిగా పట్టకండి, ముందు చక్రం జారిపోతుంది. టైర్లలో గాలి నా బండి స్టిక్కర్ మీద ముందు 22, వెనక 29 పీఎస్ఐ అని ఉంది. బంకు కుర్రాడు రెండింటికీ 35 కొట్టేస్తే గోతుల్లో బండి ఎగిరెగిరి పడుతుంది, కొత్తవాళ్లు తప్పు తమదే అనుకుంటారు.

చున్నీ, పైట వెనక చక్రం వైపు వేలాడకుండా బిగించి దోపుకోవాలి. శారీ గార్డు ఉన్నా ఇది తప్పదు.

లైసెన్సుకు ముందు ఇచ్చే లెర్నర్ లైసెన్సు, అంటే ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, తీసుకున్న 30 రోజుల తర్వాత పరీక్షకు వెళ్లొచ్చు. గేర్ లేని బండికని తీసుకున్న లైసెన్సుతో గేర్ బండి నడపకూడదు.

ఇబ్బంది పెట్టినవి రెండే. 24 వేల కిలోమీటర్ల దగ్గర, ఇంజిన్ నుంచి వెనక చక్రానికి ఊతం అందించే బెల్టు మార్చాల్సి వచ్చింది. దానికి ముందు కొన్ని వారాలు, కదిలేటప్పుడు అదురు ఎక్కువైంది. వర్షాకాలంలో నెల రోజులు తీయకపోతే బ్యాటరీ దిగిపోతుంది, సెల్ఫ్ పని చేయదు, అందుకే కిక్ ఉన్న బండే తీసుకోవడం మంచిది.

సెంటర్ స్టాండ్ చేతుల బలంతో వేయొద్దు. ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద, కుడి చెయ్యి సీటు వెనక పట్టుకునే కమ్మీ మీద పెట్టి, స్టాండ్ రెండు కాళ్లూ నేలకు సమంగా ఆనేదాకా కుడి కాలితో నొక్కి, ఒంటి బరువంతా ఆ కాలి మీదే వేయాలి. బండి దానంతటదే వెనక్కి ఎక్కుతుంది. ఇంకొకటి: బండిని పక్కన నిలబడి తోసేటప్పుడు ఇంజిన్ ఆన్‌లో ఉండకూడదు. గేటు దాటించేటప్పుడు, మెట్టు ఎక్కించేటప్పుడు పట్టు బిగించగానే అదే మణికట్టు మళ్లీ తిరుగుతుంది. తాళం తిప్పి ఆపాకే సీటు దిగాలి.