టుర్మలే కనుమ, బెళ్లందూరులో మొదటి అంతస్తు

మన సైకిల్ని ఒకచోట బిగించి, తెర మీద కొండదారి చూపిస్తూ తొక్కించే స్టూడియో ఇది. బెంగళూరు బెళ్లందూరులో, ఒక బేకరీ పైన. పేరు ఇప్పుడే చెప్పను, వాళ్ళ ఫ్యాన్ బాగు చేయించాక చెప్తాను. సైకిల్ని మెట్ల మీదుగా మనమే మోసుకెళ్ళాలి. కింద నుంచి ఎగ్ పఫ్ వాసన వస్తూనే ఉంటుంది. రెండు గంటలకి 900 రూపాయలు.

నాకు మారతహళ్ళిలో బ్లౌజులు కుట్టే షాపుంది. మాది నంద్యాల. ఆదివారం తెల్లారకముందే నంది కొండకి బయల్దేరే సైకిల్ గుంపులో నేనూ ఒకదాన్ని. జూలై వచ్చిందంటే మిషన్ పక్కన ఫోన్ పెట్టుకుని టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు చూస్తాను. 2023లో ఆడవాళ్ళ టూర్‌లో డెమీ వోలరింగ్ ఫ్రాన్స్‌లోని టుర్మలే అనే కొండ కనుమ పైన పొగమంచులోంచి ఒంటరిగా బయటికొచ్చి గెలిచిన రాత్రి, చేతిలో ఉన్న పట్టు బ్లౌజుకి హుక్కులన్నీ తిరగేసి కుట్టేశాను. అందుకే ఇక్కడ గోడ మీద ‘అసలైన టుర్మలే ఎక్కండి’ అన్న బోర్డు చూసి ఆగలేకపోయాను.

ముందు మంచి చెప్తాను. కొలతలు. ఇరవై ఏళ్ళుగా జనం కొలతలు తీసుకుంటున్నదాన్ని, టేపు పట్టుకునే తీరులోనే పనివాడెవడో తెలిసిపోతుంది. అక్కడి మెకానిక్ హిందూపురం కుర్రాడు. నన్ను గోడకి ఆనుకుని నిలబడమని, కాళ్ళ మధ్య అట్టపుస్తకం పెట్టించి, దాని పై అంచు నుంచి నేల దాకా కొలిచాడు. 76 సెంటీమీటర్లు. “ఇంకోసారి చూద్దామక్కా” అని మళ్ళీ కొలిచాడు. రెండోసారి కొలిచేవాణ్ణి నేను నమ్ముతాను. 76ని 0.883తో గుణిస్తే 67 చిల్లర. పెడళ్ళు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైదాకా అంత ఉండాలట. నాది 64 ఉంది. చంక దగ్గర మూడు సెంటీమీటర్లు తేడా వస్తే కస్టమర్ చెయ్యి లేపలేదు. మరి ఏడాదిగా నా మోకాలు గోల పెట్టదా?

తర్వాత వెనక చక్రం తీసేసి, దాని పళ్ళచక్రాలు విప్పి ట్రైనర్‌కి, అంటే సైకిల్ని కదలకుండా పట్టుకునే యంత్రానికి, బిగించి చైన్ ఎక్కించాడు. ట్రైనర్ లోపల బరువైన చక్రం ఒకటి, దాన్ని అయస్కాంతంతో పట్టి ఉంచే బ్రేకు ఒకటి. తెర మీద రోడ్డు పైకి లేచినకొద్దీ బ్రేకు బిగుసుకుంటుంది. లూజ్ అనే ఊరి వైపు నుంచి 19 కిలోమీటర్లు, సగటు ఎక్కుడు 7.4 శాతం, పైన 2,115 మీటర్లు. అంటే వంద మీటర్లు తొక్కిన ప్రతిసారీ రెండంతస్తుల మేడ ఎక్కినట్టు.

టూర్ ఈ కనుమని మొదట దాటింది 1910లో. ఇప్పటికి 80 సార్లకి పైనే దాటింది. చాలాసార్లు రేసు ఇక్కడ ముగియదు, పైకెక్కి అవతలికి దిగిపోతుంది. అయినా గుంపుని చీల్చేది ఇదే. ఎక్కుడులో వేగం తక్కువ కాబట్టి ముందువాడి చాటున దాక్కుంటే కలిసొచ్చేది కొంచెమే. తోడుగా వచ్చిన జట్టువాళ్ళు ఒక్కొక్కరే వెనకబడతారు. అవతల చివరి కొండ దగ్గరికి నాయకుడు ఒక్కడే చేరతాడు.

నాకు మొదటి రెండు కిలోమీటర్లు హాయిగా సాగాయి. అప్పుడే అనుమానం వచ్చింది. బట్ట మరీ చవగ్గా వస్తే ఎక్కడో పోగు తక్కువ. అడిగితే కుర్రాడు నవ్వేసి ఒప్పుకున్నాడు. ఎక్కుడు సెట్టింగ్ 50 శాతంలో ఉంచుతారట, 8 శాతం ఎక్కుడు కాలికి 4 లాగే తగులుతుంది. “కొత్తోళ్ళు మధ్యలో దిగేస్తారక్కా, సార్ అట్లే పెట్టమన్నాడు.” అసలైన టుర్మలే అని బోర్డు పెట్టినప్పుడు ఆ మాట ముందే చెప్పాలి కదా. నూరుకి పెట్టమన్నాను.

అప్పుడు తెలిసింది. నా సైకిల్‌కి పెడల్ దగ్గరి పళ్ళచక్రానికి 34 పళ్ళు, వెనక వాటిలో పెద్దదానికి 28. 120 వాట్లు తొక్కితే, అంటే మా షాపులో పాత ట్యూబ్‌లైట్లు మూడు వెలిగేంత, గంటకి 8 కిలోమీటర్లు. పెడల్ నిమిషానికి 52 సార్లే తిరుగుతోంది. తడిసిన బొంత పిండుతున్నట్టుంది.

పన్నెండో కిలోమీటర్ దగ్గర ఫ్యాన్ ఆగిపోయింది. గదిలో తొక్కితే ఎదురుగాలి ఉండదు, ఫ్యాన్ లేకపోతే చెమట ఆరదు. రెండు నిమిషాల్లో కళ్ళలోకి కారింది. కుర్రాడు కిందికి పరిగెత్తి బేకరీలోంచి కేకు డబ్బా మూత తెచ్చి విసరడం మొదలుపెట్టాడు. ఇరవై నిమిషాలు విసిరాడు పాపం.

నాకు పాతకాలం రేసర్ యూజెన్ క్రిస్తోఫ్ గుర్తొచ్చాడు. 1913 టూర్‌లో ఇదే కనుమ దిగుతుంటే అతని ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప చీలిక, విరిగింది. అప్పట్లో ఎవరి సాయమూ తీసుకోకూడదు. సైకిల్ తీసుకుని పది కిలోమీటర్లకి పైగా నడిచి, సెంట్ మరీ ద కాంపాన్ అనే ఊళ్ళో కమ్మరి కొలిమికి చేరాడు. రేసు అధికారులు కాపలా ఉండగా తన ఫోర్కు తనే అతికించుకున్నాడు. చేతులు రెండూ ఇనుము మీద ఉన్నాయి కదా, కొలిమి తిత్తి ఒక పిల్లాడు ఊదాడు. ఆ సాయానికి పెనాల్టీ వేశారు! అప్పటికే మూడు గంటలకి పైగా పోగొట్టుకున్నవాడికి ఇంకో పది నిమిషాలు. కేకు డబ్బా మూతకి ఆ పెద్దమనుషులు నాకెంత వేసేవారో.

చివరి కిలోమీటర్ అచ్చం అలిపిరి దారిలో మోకాళ్ళ పర్వతం. పైన 1910లో అందరికంటే ముందు అక్కడికి చేరిన రేసర్ ఒక్తావ్ లాపీజ్ గుర్తుగా పెట్టిన పెద్ద లోహపు బొమ్మ తెర మీద కనిపించింది. ఊపిరి అందక నోరు తెరిచి ఉంటుంది. నాదీ అదే మొహం. 2 గంటల 22 నిమిషాలు.

బిల్లులో ఆ 22 నిమిషాలకి 200 అదనం. ఫ్యాన్ సంగతి చెప్పాను. “సిస్టమ్‌లో టైమ్ అలా చూపిస్తోంది మేడమ్” అన్నారు కౌంటర్లో. బాత్రూమ్ గడియ కూడా సరిగా పడదు, ఆడవాళ్ళు చూసుకుని వెళ్ళండి.

అయినా కొలతలకి ఐదుకి ఐదిస్తాను. దిగాక కుర్రాడు నా సైకిల్ వెనక వంగి చూసి, “28 తీసేసి 32 ఏయించుకోండక్కా, కాలు అరవై తిరుగుతుంది. మీ డిరైలర్‌కి, అదే గేర్లు మార్చేదానికి, 32 దాకానే పడుతుంది, ఎవరైనా 34 అమ్మితే కొనొద్దు” అన్నాడు. వాళ్ళ దగ్గరే కొనమని మాత్రం అనలేదు.

వచ్చే శనివారం ఆరింటి స్లాట్ తీసుకున్నాను. 32 వేయించాను. ఇంట్లో టేబుల్ ఫ్యాన్ కూడా మోసుకెళ్తున్నాను, ప్లగ్ పెడితే కరెంటుకి వేరే ఛార్జి అంటారేమో చూడాలి.