గాయానికి మెర్క్యురోక్రోమా, పొవిడోన్ అయోడినా?

మోకాలు చెక్కుకుపోతే ఒకప్పుడు ఇంట్లోనూ బడిలోనూ పూసింది ఎర్రమందే, అంటే మెర్క్యురోక్రోమ్. పెద్దగా మంట పుట్టించదు కాబట్టి పిల్లలు పేచీ పెట్టేవారు కాదు. కానీ అందులో ఉన్నది పాదరసం. క్రిములను చంపడంలోనూ బలహీనమే. పైగా ఆ ఎర్రటి మరక కింద గాయం వాచి ఎర్రబడుతున్నా త్వరగా కనబడదు. ఇది సురక్షితమనీ, పనిచేస్తుందనీ గుర్తించలేమని 1998లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తేల్చింది.

గోధుమరంగు పొవిడోన్ అయోడిన్ కాస్త చురుక్కుమంటుంది. అయినా బాక్టీరియా, ఫంగస్, వైరస్‌లన్నిటి మీదా పనిచేస్తుంది, నేను దీనివైపే. థైరాయిడ్ జబ్బున్నవారు డాక్టరును అడిగి వాడాలి. ఏది పూసినా ముందు గాయాన్ని శుభ్రమైన నీళ్లతో కడగాల్సిందే.

పసికందు బొడ్డుకు మాత్రం ఎర్రమందు పూయనే వద్దు: పాదరసం లేత చర్మం గుండా ఒంట్లోకి చేరుతుంది.