స్లూ క్రీక్ లోయలో గుర్రాలపై యాత్ర: ఎవరికి నచ్చుతుంది?

అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయ పార్కులో, ఈశాన్య భాగాన ఉన్న స్లూ క్రీక్ లోయకు, పార్కు అనుమతి ఉన్న ఒక సంస్థ నడిపే గుర్రపు యాత్రలో కుటుంబంతో వెళ్ళి, కొన్ని రాత్రులు గుడారాల్లో గడిపాము. వన్యమృగాలను వీలైనన్ని ఎక్కువగా చూడాలన్నదే కోరిక అయితే ఇంత ఖర్చు అవసరం లేదు. 1995లో కెనడా నుంచి తెచ్చి వదిలిన తోడేళ్ళ సంతతినీ, బైసన్ అనే అడవిదున్నల మందలనూ చూడటానికి పక్కనున్న లామార్ లోయలో తెల్లవారుజామున రోడ్డు పక్కన దుర్భిణితో నిలబడటమే మంచి మార్గం.

గుర్రంపై వెళ్ళినవారికి దక్కేది వేరు. మేము వెళ్ళినది పార్కు ఉత్తర సరిహద్దు అవతలి పశుక్షేత్రానికి బండ్లు వెళ్ళే పాత దారి. అడవిలోంచి ఎక్కి విశాలమైన పచ్చికబయళ్ళలోకి దిగుతుంది. మనకు ఏమీ కనిపించకముందే గుర్రం చెవులు రిక్కించి ఒకవైపు తిరుగుతుంది. అటు చూస్తే వాగు అవతల ఎల్క్ అనే పెద్ద దుప్పుల మంద మేస్తూ ఉంటుంది.

ఈ సంస్థలో నాకు బాగా నచ్చినది జంతువుల పట్ల వారి శ్రద్ధ. ప్రతి ఒక్కరి బరువు, స్వారీ అనుభవం ముందే అడిగి తగిన గుర్రాన్ని కేటాయించారు. కొంత దూరం నడిచాక ఆగి, జీను పట్టీలను మళ్ళీ బిగించారు. సామాను మోసే కంచర గాడిదలకు ఇరువైపులా బరువు సమానంగా ఉండేలా సంచులను తూకం వేసి మరీ కట్టారు. ఎలుగుబంట్ల విషయంలోనూ ఏమాత్రం అలసత్వం లేదు. ఆహారంతో పాటు టూత్‌పేస్టు, సబ్బు వంటి వాసన గల ప్రతి వస్తువునూ పడుకునే చోటికి దూరంగా, పది అడుగుల ఎత్తున వేలాడదీశారు. మా ఆవకాయ సీసాకు కూడా మినహాయింపు దొరకలేదు. ఎలుగుబంట్లకు, తోడేళ్ళకు 100 గజాలు, బైసన్, ఎల్క్ వంటి జంతువులకు 25 గజాల దూరంలో ఉండాలన్న పార్కు నియమాన్ని, ఫొటోల కోసం ఎవరు బతిమాలినా వారు సడలించలేదు.

భోజనం మాత్రం నిరాశపరచింది. శాకాహారులమని ముందే తెలియజేసినా, వారి దృష్టిలో శాకాహారమంటే అందరి పళ్ళెంలోంచి మాంసం తీసేయడమే. చిక్కుడు గింజలు, చీజ్ తప్ప వేరే ఏర్పాటు లేదు. పడుకోవడానికి ఇచ్చిన పరుపులు పలుచనివి, జూలైలోనూ రాత్రి చలి గడ్డకట్టే స్థాయికి దగ్గరగా ఉంటుంది కనుక ఉన్ని దుస్తులు తప్పనిసరి. దోమల బెడద తగ్గే ఆగస్టు చివరి వారాలు మేలు. సిబ్బందికి ఇచ్చే టిప్పు ధరలో కలిసి లేదన్న సంగతి ఆఖరి రోజున తెలిసింది. బుక్ చేసేటప్పుడే దాని గురించి అడగడం మంచిది.