నెట్ సెంటర్‌లో ఫైర్‌ఫాక్స్: 2018 నుంచి వాడుతున్న అనుభవం

పాలకొల్లు బస్టాండ్ దగ్గర మూడు కంప్యూటర్లతో చిన్న నెట్ సెంటర్ నడుపుతున్నాను. దరఖాస్తులు నింపడం, హాల్ టికెట్లు తీసివ్వడం, రైలు టికెట్లు, బిల్లులు, ఇదీ పని. 2018 నుంచి మూడు సిస్టమ్స్‌లోనూ ఫైర్‌ఫాక్స్ బ్రౌజరే వాడుతున్నాను. అంతకుముందు ఏడాది, 2017 నవంబరులో, 57వ వెర్షన్‌ను క్వాంటమ్ పేరుతో వదిలారు. అది వేగంగా ఉందనిపించి మార్చాను. అప్పటి నుంచి పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు రాత్రి దించేదాకా అది తెరిచే ఉంటుంది.

"ఫైర్‌ఫాక్స్ స్లో అండీ, తీసేయండి" అని షాపుకొచ్చే కుర్రాళ్లు చెబుతూనే ఉంటారు. పేజీలు నత్తనడక నడిచిన రోజులు నాకూ ఉన్నాయి. కానీ ఎందుకు అలా నడుస్తున్నాయో తెలుసుకునే సాధనం ఈ బ్రౌజర్ లోపలే ఉంది. నేను దీన్ని వదలకపోవడానికి పెద్ద కారణం అదే.

ఓ ప్రవేశ పరీక్ష దరఖాస్తుకి ఆఖరి రోజు. సాయంత్రం ఆరు దాటింది. ఒక పెద్దాయన మనవరాలిని తీసుకొచ్చారు. ఫొటో, సంతకం స్కాన్ చేశాను, అంతా సిద్ధం. పేజీ మాత్రం తెరుచుకోదు. ఏ లింకు నొక్కినా కాసేపు తెల్లగా నిలబడిపోయి, తర్వాత ఒక్కసారిగా వచ్చేస్తోంది. "అన్నయ్యా, ఇవాళే లాస్ట్ డేట్" అంటోంది ఆ అమ్మాయి. పెద్దాయన ఏమీ అనకుండా గడియారం చూస్తున్నారు. వాళ్లకంటే నాకే ఎక్కువ టెన్షన్. వెనక ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు.

స్పీడ్ టెస్ట్ పెడితే 40 ఎంబీపీఎస్ చూపిస్తోంది. అంటే లైన్ బాగానే ఉంది. అప్పుడు చూశాను బ్రౌజర్ విండో అడుగున ఎడమ మూలన వచ్చే చిన్న అక్షరాలు. ఫైర్‌ఫాక్స్ పేజీ తెచ్చేటప్పుడు తను ఏ మెట్టు మీద ఉందో అక్కడ రాస్తుంది. లుకింగ్ అప్ అంటే సైట్ పేరు చెప్పి అడ్రసు వెతుకుతోందని. కనెక్టింగ్ అంటే అడ్రసు దొరికింది, తలుపు కొడుతోందని. వెయిటింగ్ అంటే అవతలి సర్వర్ జవాబు కోసం ఆగిందని. ట్యాబ్ మీద అటూ ఇటూ ఊగే చుక్క కూడా ఇలాంటిదే. బూడిద రంగులో ఉన్నంతసేపు డేటా ఇంకా మొదలు కాలేదు. నీలంగా మారిందంటే వస్తోందన్నమాట. ఆ రోజు ప్రతి పేజీకీ లుకింగ్ అప్ దగ్గరే ఆగిపోతోంది.

ఇంకా నమ్మకం కుదరక కంట్రోల్, షిఫ్ట్, E అక్షరం మూడూ కలిపి నొక్కాను. నెట్‌వర్క్ పట్టీ తెరుచుకుంటుంది. పేజీ రీలోడ్ చేసి, పైన ఉన్న మొదటి వరస నొక్కి టైమింగ్స్ చూస్తే డీఎన్ఎస్ రిజల్యూషన్, అంటే సైటు పేరుకి అడ్రసు వెతికే పని, ఎదురుగా 3 సెకన్లకు పైగా ఉంది. వెయిటింగ్ దగ్గర పావు సెకను కూడా లేదు. దరఖాస్తు సైటు ఠంచనుగా జవాబిస్తోంది. ఆ సైటు ఎక్కడుందో చెప్పాల్సిన డీఎన్ఎస్ సర్వరే నిద్రపోతోంది. పైగా ఒక పేజీ అంటే ఒక్క అడ్రసే కాదు. అక్షరాల ఫాంటు ఒక చోట నుంచి, క్యాప్చా ఇంకో చోట నుంచి, స్క్రిప్టులు మరో చోట నుంచి వస్తాయి. కొత్త పేరు తగిలినప్పుడల్లా మళ్లీ ఆ వెతుకులాటే.

సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ ఉంటుంది. అందులో ఇంక్రీజ్డ్ ప్రొటెక్షన్ ఎంచుకుని క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ డీఎన్ఎస్ పెట్టాను. ఇలా పెడితే బ్రౌజర్ మన లైన్ ఇచ్చే డీఎన్ఎస్‌ను పక్కనపెట్టి తనే నేరుగా అడ్రసులు అడుగుతుంది. తర్వాతి క్లిక్‌కి పేజీ వచ్చేసింది. ఏడున్నరకల్లా దరఖాస్తు నంబరు వచ్చింది, ప్రింటు చేతిలో పెట్టాను. ఆ అమ్మాయి కాగితం మీద తన పేరు రెండుసార్లు చదువుకుంది. రాత్రి షాపు కట్టేముందు రౌటర్‌లోనే డీఎన్ఎస్‌ను క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల 1.1.1.1కీ, రెండోది గూగుల్ వాళ్ల 8.8.8.8కీ మార్చేశాను, మిగతా సిస్టమ్స్‌కీ సరిపోయేలా.

ఇంకోసారి పేజీలు నెమ్మదించినప్పుడు తప్పు పూర్తిగా నాదే. షాపులో ఒకరి తర్వాత ఒకరు కూర్చుంటారు కాబట్టి ఒకరి లాగిన్ ఇంకొకరికి కనబడకూడదు. అందుకని ప్రతి కస్టమర్ లేచాక కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ నొక్కి అన్ని టిక్కులూ పెట్టి తుడిచేసేవాణ్ని. అందులో క్యాషె కూడా పోతుందని ఆలోచించలేదు. క్యాషె అంటే ఒకసారి తెచ్చిన బొమ్మలు, స్క్రిప్టులు దాచుకునే చోటు. అది పోతే రోజుకి ముప్పై సార్లు తెరిచే సైటునైనా ప్రతిసారీ మొదటినుంచీ దించుకోవాల్సిందే. ఇప్పుడు కుకీలు, హిస్టరీ, ఫారాల్లో రాసినవి వెంటనే తుడుస్తాను. క్యాషె మాత్రం రాత్రికి ఒక్కసారే. పేజీలు నెమ్మదిస్తే క్యాషె క్లియర్ చేయమని అందరూ చెప్పే సలహా ఉందే, పేజీ పాడైపోయి కనిపిస్తున్నప్పుడు అది పనికొస్తుంది. వేగం కోసమైతే చాలాసార్లు రివర్సే అవుతుంది.

మా షాపు కుర్రాడు ఓసారి వీడియోలు దించుకోవడానికి ఏదో ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాం, వేశాడు. ఆ సిస్టమ్ ఒక్కటే మొరాయించింది. హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూట్ మోడ్ అని ఉంటుంది, ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపేసి తెరుస్తుంది. అలా తెరిస్తే చక్కగా పరిగెత్తింది. ఎక్స్‌టెన్షన్ తీసేశాను, అయిపోయింది. షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కినా ఏ ట్యాబు ఎంత, ఎక్స్‌టెన్షన్లు ఎంత మెమరీ తింటున్నాయో కనిపిస్తుంది. హెల్ప్ మెనూలోని మోర్ ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ పేజీలో రిఫ్రెష్ ఫైర్‌ఫాక్స్ బటన్ కూడా ఉంది కానీ దాన్ని చివరి దారిగానే ఉంచండి. బుక్‌మార్కులు, పాస్‌వర్డులు ఉంటాయి గానీ ఎక్స్‌టెన్షన్లు, మనం చేసుకున్న చాలా మార్పులు పోతాయి. పాత డేటాను డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్‌లో పెడుతుంది. చూసుకోకుండా దాన్ని తీసేయకండి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. కొన్ని సైట్లు వేరే బ్రౌజర్‌ని దృష్టిలో పెట్టుకునే తయారుచేస్తున్నారు. ఫారం చివరిదాకా వెళ్లి సబ్‌మిట్ పనిచేయని సందర్భాలు నాకు ఎదురయ్యాయి. అందుకని రెండో బ్రౌజర్ ఒకటి పక్కన ఉంచక తప్పలేదు. 4 జీబీ ర్యామ్ ఉన్న సిస్టమ్‌లో ఇరవై ట్యాబులు దాటితే ఆయాసపడుతుంది. 2021లో వచ్చిన 93వ వెర్షన్ నుంచి విండోస్‌లో మెమరీ తగ్గితే పాత ట్యాబులను తనే పక్కన పెడుతోంది, కొంత నయం. అయితే సగం నింపిన ఫారం ఉన్న ట్యాబును మాత్రం నేను వదిలి వేరే పనికి వెళ్లను.

మూలన ఉన్న విండోస్ 7 సిస్టమ్‌కి ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్ (ఎక్కువ కాలం సెక్యూరిటీ మరమ్మతులు అందే రకం) తర్వాత కొత్త వెర్షన్ రాదు. దాన్ని ఇప్పుడు ప్రింట్లకీ స్కానింగ్‌కీ మాత్రమే ఉంచాను. డబ్బు చెల్లించే పనులు మిగతా రెండింటి మీదే చేస్తున్నాను.