చెరువు గట్టు మీద ఏ పేజీ మేలు?

భీమవరానికి పది కిలోమీటర్ల దూరంలో మా మామయ్యకు రొయ్యల చెరువు ఉంది. కిందటి వేసవిలో ఒక ఉదయం ఆయన గట్టు మీద నిలబడి ఫోనులో ఆ రోజు ధరలు చూస్తున్నారు. ఒక చేతిలో మేత చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) తాడు, ఇంకో చేతిలో ఫోను. పట్టికలో ఎడమ చివర కౌంటు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. దాని పక్కన ఐదుగురు కొనుగోలుదారులు ఇచ్చే ధరలు. కంప్యూటర్ కోసం కట్టిన పేజీ కావడంతో ఫోనులో అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. వేళ్లతో పెద్దది చేస్తే ధర కనిపిస్తుంది, కౌంటు తెర దాటిపోతుంది. కౌంటు వైపు జరిపితే ధర పోతుంది. అలా అటూ ఇటూ జరుపుతూ 40 కౌంటు వరుసలోని ధరను 50 కౌంటు ధర అనుకున్నారు. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. ఆ ఎక్కువ ధర నమ్మి పట్టుబడికి, అంటే రొయ్యలు పట్టడానికి మనుషులను పిలిచారు, ఐసు చెప్పారు. కాటా దగ్గర నిలబడే వరకు పొరపాటు తెలియలేదు.

"ఏమల్లుడూ, ఈ ఫోనులో కౌంటు చదవడానికి ఒకరు, ధర చదవడానికి ఒకరు కావాలా?" అని ఆ సాయంత్రం నన్ను అడిగారు. నేను వెబ్ పేజీలు కట్టి బతికేవాణ్ని. ఆ పేజీ నేను కట్టింది కాదు. అయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. రెండు నెలల తర్వాత అదే ఊళ్లోని కొందరు రైతులు కలిసి సొంత ధరల పేజీ కావాలని వచ్చినప్పుడు, ఏ పద్ధతిలో కట్టాలన్నది నాకు మామూలు వృత్తి ప్రశ్నగా అనిపించలేదు. ఫోనుకు వేరే సైటు కట్టడమా, ఏ తెరకైనా సర్దుకునే ఒకే పేజీనా, యాప్ చేయడమా, లేక మనిషి అలవాటును కనిపెట్టి తనంతట తాను మారే పేజీనా? ఈ నాలుగింటినీ ఆ గట్టు మీద నిలబెట్టి చూశాను.

ఫోనులో పేజీ చీమల బారులా కనిపించడానికి ఒక చరిత్ర ఉంది. 2007లో ఐఫోను వచ్చేనాటికి ఉన్న సైట్లన్నీ కంప్యూటర్ వెడల్పుకు కట్టినవే. కాబట్టి ఆ ఫోనులోని బ్రౌజర్ ప్రతి పేజీ 980 పిక్సెళ్ల (తెర మీది చుక్కల) వెడల్పు ఉంటుందని అనుకుని, దాన్ని 320 పిక్సెళ్ల తెరలోకి కుదించి చూపేది. ఫోను అసలు వెడల్పు వాడుకోమని పేజీలో ఒక్క వరుస రాస్తే ఈ కుదింపు ఆగుతుంది. మామయ్య చూసిన పేజీలో ఆ ఒక్క వరుస లేదు. చిన్న తెర మనిషిని ఎంత ఇబ్బంది పెడుతుందో స్మార్ట్‌ఫోన్లకు ముందే పరిశోధకులు కొలిచారు. మాట్ జోన్స్ బృందం 1999లో ప్రచురించిన అధ్యయనంలో, చిన్న తెర మీద సమాచారం వెతికినవాళ్లు పని పూర్తి చేయడంలో పెద్ద తెర వాళ్లకన్నా 50 శాతం వెనకబడ్డారు. పేజీని పైకీ కిందికీ, పక్కలకీ జరిపే పని తగ్గించి, కావలసినదాని దగ్గరికి నేరుగా చేర్చాలన్నది వాళ్లు ఇచ్చిన సలహా.

ఫోనుకు వేరే సైటు అన్న దారిని తొందరగానే పక్కన పెట్టాను. ఒకప్పుడు అది తెలివైన పనే. కానీ రెండు సైట్లంటే ధరలు రెండు చోట్ల మార్చాలి. ఉదయం ఏడింటికి ఒక కుర్రవాడు హడావుడిగా ధరలు ఎక్కించే చోట ఒకటి మారి ఇంకొకటి నిన్నటిదిగా మిగిలిపోయే రోజు తప్పక వస్తుంది. నిన్నటి ధర చూపే పేజీ కన్నా అసలు పేజీ లేకపోవడమే నయం. రైతు వాట్సాప్‌లో పంపిన లింకును ఏజెంటు తన ఆఫీసు కంప్యూటర్‌లో తెరిస్తే అక్కడ ఫోను పేజీ సాగదీసినట్టు కనిపించడం మరో తలనొప్పి.

రెండో దారి, అంటే రెస్పాన్సివ్ డిజైన్ అన్న మాట 2010 మే నెలలో ఈథన్ మార్కాట్ రాసిన వ్యాసంతో వాడుకలోకి వచ్చింది. ఆయన చెప్పినవి మూడే. కొలతలు పిక్సెళ్లలో కాకుండా నిష్పత్తిలో ఉండాలి. 960 పిక్సెళ్ల పేజీలో 300 పిక్సెళ్ల గడి ఉంటే దాన్ని 31.25 శాతం అని రాయాలి, అప్పుడు పేజీ ఎంతైతే గడి అంతలో ఆ వాటా తీసుకుంటుంది. బొమ్మలు తమ గడిని దాటి బయటికి రాకూడదు. తెర వెడల్పు ఒక హద్దు దాటినప్పుడు అమరిక మారాలి. దీనికి ముందు దారి వేసినవాళ్లూ ఉన్నారు. వెబ్ పేజీని అచ్చు పేజీలా బిగించవద్దని ఆస్ట్రేలియాకు చెందిన జాన్ ఆల్సాప్ 2000లోనే రాశారు. వాడే పరికరాన్ని బట్టి పనితీరు చెడకుండా రూపం మార్చుకునే గుణాన్ని ఫ్రాన్స్ పరిశోధకులు డేవిడ్ థెవెనిన్, జోయెల్ కుటాజ్ 1999లో ప్లాస్టిసిటీ అన్నారు. పనితీరు చెడకుండా అన్న ఆ షరతే నాకు ముఖ్యమనిపించింది. పేజీ తెరలో పట్టినంత మాత్రాన రైతు పని జరిగినట్టు కాదు.

దీనికి సాక్ష్యం ధరల పట్టికే. రెస్పాన్సివ్ పేజీల్లో పట్టికను ఫోనులో చూపడానికి అందరూ చేసేది ఒకటుంది. ప్రతి అడ్డు వరుసనూ విడదీసి ఒక చిన్న కార్డుగా కిందకి కిందకి పేరుస్తారు. 50 కౌంటుకు ఒక కార్డు, అందులో ఐదు ధరలు. దాని కింద 45 కౌంటుకు ఒక కార్డు. చూడ్డానికి చక్కగా ఉంటుంది, ఏదీ తెర దాటదు. కానీ రైతు ధర చూసేది ఒక అంకె తెలుసుకోవడానికి కాదు. ఇప్పుడు 50 కౌంటులో ఉన్న సరుకును ఇంకొన్ని రోజులు మేపి 40కి తెస్తే వచ్చే తేడా, అన్ని రోజుల మేతకూ, నీటిలో గాలి కలిపే ఏరియేటర్ల కరెంటుకూ సరిపోతుందా అని లెక్క వేసుకోవడానికి. ఈలోగా వ్యాధి తగిలితే అన్న భయం ఆ లెక్కలో ఎప్పుడూ ఉంటుంది. ఆ రెండు ధరలూ ఒక్క చూపులో పడాలి. కార్డులు పేరిస్తే 50కీ 40కీ మధ్య రెండు తెరల దూరం వస్తుంది. అందరికీ అందుబాటులో ఉండే వెబ్ కోసం 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 ప్రమాణాలు 320 పిక్సెళ్ల వెడల్పులో పేజీ పక్కలకు జరపనక్కర లేకుండా ఉండాలంటాయి. అవే ప్రమాణాలు పట్టికల వంటి వాటికి మినహాయింపు ఇచ్చాయి. అడ్డంగా, నిలువుగా చూస్తేనే అర్థమయ్యేదాన్ని విడదీస్తే అర్థమే పోతుంది కాబట్టి.

నేను చేసిందేమిటంటే, ఫోనులో పట్టికను పట్టికగానే ఉంచి రెండు నిలువు వరుసలకు కుదించాను. ఎడమ కౌంటు, కుడి ధర. కొనుగోలుదారు ఎవరన్నది పైన ఒక మీట నొక్కి మార్చుకోవాలి. అంకెలు పెద్దవి, తెల్లటి నేల మీద నల్లటివి. ఎందుకంటే మిట్టమధ్యాహ్నం చెరువు మీద ఎండ తిరిగి కొడుతుంటే, ఇప్పుడు అందరూ ముచ్చటపడే బూడిద రంగు అక్షరాలు అసలు కనిపించవు. అదే పేజీని ఏజెంటు కంప్యూటర్‌లో తెరిస్తే ఐదుగురి ధరలూ పక్కపక్కన పరుచుకుంటాయి. పట్టిక తెర వెడల్పును కాకుండా తనకు దొరికిన గడి వెడల్పును చూసి మారేలా రాయడం 2023 ఫిబ్రవరి నాటికి పెద్ద బ్రౌజర్లన్నిటిలోనూ కుదిరింది. మీట పరిమాణానికి ఒక పాత కొలత పట్టుకున్నాను. ఒక్క చేత్తో ఫోను పట్టుకుని బొటనవేలితో నొక్కేవాళ్లను గమనించి పెక్కా పర్హి, ఎమీ కార్ల్‌సన్, బెంజమిన్ బెడర్సన్ 2006లో తేల్చినది: ఒకసారి నొక్కే మీటకు 9.2 మిల్లీమీటర్లు, వరుసగా నొక్కే వాటికి 9.6. తడి వేలికి నేను ఇంకాస్త కలిపాను.

ఇక్కడ తెలుగు గురించి చెప్పుకోవాలి, ఎందుకంటే ఇంగ్లీషు పేజీని తెలుగులోకి మార్చి ఫోనులో పెట్టినప్పుడు జరిగే నష్టం తెర వెడల్పు వల్ల జరిగేదానికన్నా తక్కువేమీ కాదు. మన అక్షరానికి కింద వత్తు ఉంటుంది, పైన గుడి ఉంటుంది. ఇంగ్లీషుకు సరిపోయే వరుసల ఎడం ఇస్తే 'రాష్ట్రం'లోని వత్తులు కింది వరుస మీద పడతాయి. మాటలు పొడవు, మీటలో పట్టవు. అన్నిటికన్నా ప్రమాదం, చోటు చాలనప్పుడు మాటలను కోసి మూడు చుక్కలు పెట్టే అలవాటు. నా మొదటి నమూనాలో ఒక ప్రకటన "ఈ రోజు 60 కౌంటు కొనుగోలు…" అని కనిపించింది. పూర్తి వాక్యం "ఈ రోజు 60 కౌంటు కొనుగోలు లేదు". తెలుగులో క్రియ చివరకు వస్తుంది, లేదు అన్నది ఇంకా చివరకు వస్తుంది. ఇంగ్లీషులో తోక కోసినా తల ఉంటుంది, మనకు తోకలోనే ప్రాణం. ఆ రోజు నుంచి నేను కట్టే ఏ తెలుగు పేజీలోనూ వాక్యం కోయను. చోటు చాలకపోతే రెండో వరుసకు దిగనిస్తాను.

అలవాటును కనిపెట్టి మారే పేజీ ఆలోచన నన్ను చాలా ఊరించింది. మామయ్య రోజూ చూసేది 50, 45, 40 కౌంట్లే. ఆ మూడూ వాటంతట అవే పైకి వచ్చేస్తే బాగుండదా? లియా ఫిండ్‌లేటర్, జోవానా మెక్‌గ్రెనీర్ 2004లో మూడు రకాల మెనూలను పోల్చారు: ఎప్పుడూ మారనిది, తనంతట తాను మారేది, మనిషి తానే మార్చుకునేది. తనంతట మారే దానికన్నా మారనిదే వేగంగా పని చేసింది. తామే మార్చుకునే మెనూను ఎక్కువమంది ఇష్టపడ్డారు. నిన్న ఉన్న చోట ఇవాళ లేని వస్తువు కోసం కన్ను వెతుక్కోవలసి వస్తుంది మరి. అయితే ఆ ఇద్దరే 2008లో చిన్న తెర మీద మళ్లీ పరీక్షించారు. ఊహ సరిగ్గా కుదిరితే తనంతట మారే మెనూ వల్ల లాభం పెద్ద తెర కన్నా చిన్న తెరలోనే ఎక్కువ కనిపించింది. దాంతోపాటు ఒక నష్టమూ తేలింది. తాము రోజూ వాడని మిగతా వాటి మీద మనుషులకు ఎరుక తగ్గింది.

ఆ నష్టమే రొయ్యల రైతుకు ప్రాణాంతకం. మామయ్య చూడని 30 కౌంటు ధర ఈ వారం పెరిగిందనుకోండి, అది ఆయన కంట పడకపోతే సరుకు ఆపుకునే ఆలోచనే రాదు. కాబట్టి వరుసల స్థానం కదిలించలేదు. కావలసిన కౌంటు మీద వేలు నొక్కి ఉంచితే ఆ వరుస పసుపు రంగుకు మారుతుంది, అంతే. తన చోటు తాను వదలదు, పైనా కిందా ఉన్న వరుసలు కనిపిస్తూనే ఉంటాయి. మామయ్య రెండు వరుసలకు పసుపు పెట్టుకున్నారు.

యాప్ సంగతికి వస్తే, ధర చూడడం కోసం యాప్ వేయించడం నాకు ఇష్టం లేదు. ఇక్కడి ఫోన్లలో పెళ్లి వీడియోలూ మనవల ఫోటోలూ నిండి ఉంటాయి, చోటు చాలనప్పుడు ముందు తీసేసేది మనదే. లింకు అయితే ఎవరికైనా పంపవచ్చు. కానీ చెరువు లెక్కల పుస్తకానికి యాప్ మేలని ఒప్పుకుంటాను. ఎన్ని కిలోల మేత వేశారు, నీటిలో ఆక్సిజన్ ఎంత, ఉదయం పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి) ఎంత అన్నవి గట్టు మీదే, సిగ్నల్ ఉన్నా లేకపోయినా రాసుకోవాలి, సిగ్నల్ తగిలాక అవే చేరాలి. ఈ మధ్య బ్రౌజర్లలో కూడా పేజీని ఫోనులో దాచుకుని నెట్ లేకుండా తెరిచే వీలు వచ్చింది, కాబట్టి ఆ తేడా కూడా తగ్గుతోంది. ధరల పేజీలో నేను ఆ వీలు వాడాను. నెట్ లేనప్పుడు చివరి ధరలు చూపుతుంది, పైన ఎర్ర అక్షరాలతో అవి ఏ రోజు, ఏ గంటవో ఉంటుంది.

ఈ పని చూసి కోనసీమ లంక గ్రామాల మిత్రుడొకరు వరద పేజీ కట్టమన్నారు. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. ఏ తెరలోనైనా మొదట కనిపించవలసింది ఆ అడుగుల లెక్క, ఏ హెచ్చరికలో ఉన్నామన్న మాట. మ్యాపులూ ఫోటోలూ తర్వాత. అంతవరకు రెస్పాన్సివ్ పేజీ చాలు. కానీ 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం దాటిన రోజుల్లో లంకల్లో కరెంటు లేదు, ఛార్జింగు కోసం ఫోన్లను పడవల్లో గట్టుకు పంపుకున్నారని ఆయనే చెప్పారు. అలాంటి రాత్రి ఏ పేజీ కన్నా, ఏ యాప్ కన్నా మామూలు మెసేజ్ మేలని చెప్పాను. కీప్యాడ్ ఫోనులోనూ అది వస్తుంది. ఆ చిన్న తెర మీద తెరవకుండానే కనిపించేది మొదటి రెండు మూడు మాటలే. కాబట్టి "ధవళేశ్వరం వద్ద గోదావరి నీటిమట్టం పెరిగినందున" అని మొదలుపెట్టకుండా, "ఇల్లు వదలండి" అన్న రెండు మాటలతో మొదలయ్యే మెసేజ్ రాసి ఆయనకు పంపాను.