వరి మడుల సాలీళ్ల కోసం కొన్న స్టీరియో మైక్రోస్కోపు: ఏడాది వాడకం తర్వాత

శ్రీకాకుళంలోని మా డిగ్రీ కళాశాల జంతుశాస్త్ర విద్యార్థులు నాగావళి పక్క వరి మడుల్లో సేకరించే సాలీళ్లను జాతుల వరకు గుర్తించడానికి, నిరుడు సొంత డబ్బు రూ.9,800 పెట్టి, 20, 40 రెట్లు పెద్దవి చేసి చూపే ఈ మైక్రోస్కోపు కొన్నాను.

అంతకుముందు 10 రెట్ల చేతి భూతద్దంతోనే నెట్టుకొచ్చాం. కుటుంబం తేల్చడానికి అది చాలు. ముందు వరుసలో నాలుగు చిన్న కళ్లు, వాటి పైన రెండు పెద్దవి, ఆ వెనుక మరో రెండు కనబడితే, వరిని పీల్చే సుడిదోమను తినే లైకోసిడే (తోడేలు సాలీళ్ల) కుటుంబపు సాలీడేనని పొలం గట్టు మీదే చెప్పవచ్చు. చిక్కంతా ఆ తర్వాతే. ఈ కుటుంబంలోని పార్డోసా సూడోయాన్యులేటా అనే జాతికి వీపు మీద పంగలకర్ర లాంటి గుర్తు ఉంటుంది గాని, దాని దగ్గరి జాతులైన పార్డోసా బిర్మానికాను, పార్డోసా సుమత్రానాను రంగు చూసి వేరు చేయబోతే మోసపోతాం. పైగా 70 శాతం ఆల్కహాల్‌లో ఉంచిన కొద్దీ రంగులు వెలిసిపోతాయి. నమ్మదగినవి జననాంగాల ఆకారాలే.

గాజు పళ్లెంలో కడిగిన సన్నని ఇసుక పోసి, ఆల్కహాల్ నింపి, ఆడ సాలీడును వెల్లకిలా కుదురుగా పొదిగి 40 రెట్లలో చూస్తే, ఉదరం కింద అడ్డగాడికి సరిగ్గా ముందు, చింతగింజ రంగులో గట్టి పలక కనిపిస్తుంది. అదే ఎపిగైన్, అంటే ఆడదాని జననాంగపు పలక. సన్న కుంచెతో నూగు తప్పిస్తే, తలకిందులైన టీ అక్షరంలాంటి నడిమి గట్టు, దాని అంచుల వంపు స్పష్టంగా తెలుస్తాయి. మగవాటిలో నోటి పక్కన పొట్టి కాలులా ఉండే పాల్పు తాలూకు, మొగ్గలా ఉబ్బిన కొనలోని కొక్కేలను చూడాలి. సాలీడు కాస్త ఒరిగినా ఆకారం మారినట్టే కనిపిస్తుంది కనుక ఇసుకను మాత్రం మానవద్దు.

లోపమంతా వెలుతురుది. పై దీపం ఒకే చోట పడి ఆల్కహాల్ మీద మెరుస్తుంది. ట్రేసింగ్ కాగితం అడ్డుపెట్టి సరిచేసుకున్నాను. నెల తిరగకుండానే అడాప్టర్ పోతే, అమ్మినవారు మూడుసార్లు అడిగాక గాని మార్చలేదు. విడదీసిన ఎపిగైన్‌ను లవంగ నూనెలో ఉంచి లోపల వీర్యాన్ని దాచుకునే శుక్రకోశాలను చూడడానికి 40 రెట్లు చాలవు, కాంపౌండ్ మైక్రోస్కోపు కావాలి. ఇక ఎదగని పిల్ల సాలీళ్లలో ఎపిగైన్ ఏర్పడదు కాబట్టి, వాటి చీటీ మీద ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు, ఉదాహరణకు పార్డోసా) పేరు దగ్గరే ఆగుతున్నాం.

అయినా కొనమనే చెబుతాను. గత కార్తీకంలో ఒకే పేరుతో భద్రపరచిన పదకొండు ఆడ సాలీళ్లను దీని కింద మళ్లీ చూస్తే, అందులో నాలుగు వేరే జాతివని తేలింది. ఆ సీసాల చీటీలన్నీ విద్యార్థుల చేతే తిరిగి రాయించాను.